అత్తగారెక్కితే ఆగిపోయే ఏసీ

పరుపుల కొట్టు వాళ్ల పికప్ బండికి వయసు మీద పడింది. తలుపు గట్టిగా లాగితే తప్ప పడదు. కిటికీ అద్దం సగం దాకా దిగి మొండికేస్తుంది. వీటన్నిటికీ కోడలు అలవాటు పడిపోయింది. ఆమెకు అంతుపట్టనిది ఏసీ ఒక్కటే. అది అత్తగారు బండెక్కిన రోజునే ఆగిపోతోంది.

ఇంటి నుంచి బజారులోని కొట్టుకు దాదాపు గంట ప్రయాణం. భర్త పొద్దున్నే మోటారుసైకిల్ మీద వెళ్లి కొట్టు తెరుస్తాడు. ఆమె ఇంటిపని ముగించుకుని, కుట్టిన గలేబులు, దూది మూటలు వెనక వేసుకుని పికప్ నడుపుకుంటూ వెళుతుంది. ఓపిక ఉన్న రోజు అత్తగారు కూడా వస్తుంది. ఆవిడకు ఓపిక లేని రోజులు తక్కువ. పరుపు అంచు కుట్టడంలో ఆవిడ చెయ్యి పడితేనే ఆ కొట్టుకు పేరు. అయితే ఎండలు ముదిరాక ఒకసారి కళ్లు తిరిగి పడిపోయింది. వేడి తగలకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఏసీ లేకపోతే ఆవిడ కొట్టుకు రావడం కుదరదు.

అత్తగారు పక్కనున్న రోజు కాసేపు చల్లగానే ఉండేది. ఊరు దాటాక గాలి సన్నగిల్లేది. లోపల ఫ్యాను మాత్రం గొంతు చించుకుని అరిచేది. సగం దారికి వచ్చేసరికి గాలి పూర్తిగా నిలిచిపోయి, క్యాబిన్ పొయ్యి మీది గిన్నెలా కాగేది. సాయంత్రం తిరుగు ప్రయాణంలోనూ అదే వరస. మర్నాడు కోడలు ఒక్కతే వెళితే మాత్రం దారంతా వేళ్లు గడ్డకట్టేంత చలి.

ఏసీలు బాగుచేసే మెకానిక్‌ను ఆ వీధిలో అందరూ స్పానర్ బాబాయి అంటారు. కోడలు మూడోసారి బండి తీసుకెళ్లేసరికి ఆయన తల గోక్కున్నాడు.

"గ్యాస్ నిండుగా ఉందమ్మా. కంప్రెసర్ బాగానే తిరుగుతోంది. బెల్టు బిగువుగా ఉంది. ముందున్న జాలీ కడిగేశాను. ఇదిగో, చెయ్యి పెట్టి చూడు."

చల్లగాలి ఆమె మణికట్టు దాకా పాకింది. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఇక్కడికి తెస్తే బుద్ధిగానే ఉంటుంది బాబాయ్. దారిలోనే ఆగిపోతోంది."

"రోజూనా?"

"లేదు. మా అత్తయ్య ఎక్కితేనే."

స్పానర్ బాబాయి చేతిలోని గుడ్డ పక్కన పెట్టాడు. "అయితే ఈసారి ఆవిణ్ణి తీసుకురా. గేజీ పెట్టి చూస్తాను."

పక్క షెడ్డులో ఎవరో నవ్వారు. కోడలికి నవ్వు రాలేదు.

ఇంట్లో అత్తగారు ఈ లెక్క ఎప్పుడో తేల్చేసింది. రాత్రి భోజనాల దగ్గర మూతి ముడుచుకుని కూర్చుంది.

"నీకైతే చల్లదనం, నాకైతే ఉక్క. బండికి కూడా మనుషులు తెలుస్తారన్నమాట."

"నేనేం చేశాను అత్తయ్యా? మీరు పక్కనే ఉంటున్నారుగా. నా చేతులు స్టీరింగు మీదే ఉంటున్నాయి."

"ఏం చేస్తున్నావో నాకేం తెలుసు. నాకు తెలిసింది దూది ఒక్కటే."

కొడుకు కల్పించుకున్నాడు. "రేపు నేను తీసుకెళతాలేమ్మా. చూద్దాం."

మర్నాడు అతను తల్లితో వెళ్లి, చొక్కా పిండుకునేలా తడిసి కొట్టు ముందు దిగాడు. బస్సులో ముందే వచ్చిన భార్య ఎదురెళ్లింది.

"ఆగిందా?"

"ఆగింది."

"మీ చేతిలో కూడానా?"

"చేతులతో పనేముంది? పక్కన అమ్మ ఉంటే చాలు."

దీంతో కోడలి మీద అనుమానం పోతుందనుకుంటే, అది ఇద్దరి మీదా సమానంగా పడింది. ఎండాకాలం మొదట్లో కొడుకు, "ఈ వేడిలో నువ్వెందుకమ్మా, ఇంటిపట్టున ఉండు," అన్నాడు. ఆ మాట అత్తగారి మనసులో ముల్లులా ఉండిపోయింది.

"నోటితో చెబితే వినలేదని, ఉక్కపెట్టి చెబుతున్నారు," అంది ఆ సాయంత్రం. "సరే. రేపొక్క రోజు వస్తాను. నా సూదులూ కత్తెరా తెచ్చేసుకుంటాను. ఇక నేను బండెక్కను, కొట్టుకూ రాను."

కోడలు ఆ అంచు కుట్టు ఆవిడ దగ్గరే నేర్చుకుంటోంది. ఇంకా సగమే వచ్చింది. అంతకంటే, ఆవిడ అలా నిందవేసి ఇంట్లో కూర్చుంటే తను ఆ మొహం ఎలా చూడాలి? ఆలోచించిన కొద్దీ బుర్ర తిరిగింది. తను చేయలేదు. మరి భర్త చేశాడా? మర్నాడు పొద్దున అతను స్నానానికి వెళ్లగానే దొంగలా పికప్‌లో దూరి, రహస్యంగా ఏదైనా స్విచ్చు పెట్టాడేమోనని స్టీరింగు కింద తడిమింది. ఎండిన చూయింగ్ గమ్ ఒకటి దొరికింది. అతను తువ్వాలుతో బయటికొచ్చి, "ఏం వెతుకుతున్నావ్?" అంటే చేతిలోని గమ్ చూపించింది.

అతను కొట్టుకు వెళ్లాక అత్తగారు వచ్చి బండెక్కింది. ఆవిడ పొట్టి మనిషి. సీట్లో కూర్చుంటే కాళ్లు కింద ఆనవు, గాల్లో వేలాడి తిమ్మిరెక్కుతాయి. అందుకని లావుపాటి దిండొకటి స్వయంగా కుట్టుకుని, దాన్ని డ్యాష్‌బోర్డు కిందికి నెట్టి దాని మీద పాదాలు తన్నిపెట్టి కూర్చుంటుంది. బండిలో వదిలేస్తే దుమ్ము పడుతుందని, దిగేటప్పుడు దిండు చంకలో పెట్టుకునే దిగుతుంది. చెప్పులు వేసుకోవడం ఎలాగో ఇదీ అలాగే. ఇంట్లో ఎవరూ దాన్ని ప్రత్యేకంగా చూసింది లేదు.

సగం దారిలో గాలి ఆగిపోయింది. అత్తగారు కిటికీ వైపు మొహం తిప్పుకుని ఒక్క మాట కూడా అనలేదు. అంటేనే నయమనిపించింది కోడలికి. ఆవిడ మొహం ఎర్రబడడం చూసి, మూతపడిన పెట్రోలు బంకు రేకుల నీడలో, ఇంజను ఆపకుండానే బండి నిలిపింది.

"కాసేపు దిగండి అత్తయ్యా. అరుగు మీద కూర్చుందురుగాని."

ఉక్కకు తాళలేక అత్తగారు ఈసారి దిండు బండిలోనే వదిలేసి దిగింది. అరుగు కాలుతోంది. కింద వేద్దామని కోడలు అత్తగారి సీటు వైపు వచ్చి, వంగి దిండు లాగింది. అది రాలేదు. ఎవరో అవతలి నుంచి పట్టుకున్నట్టు బిగుసుకుని ఉంది. రెండు చేతులతో గట్టిగా లాగితే చప్పున ఊడివచ్చింది. వెంటనే ఫ్యాను అరుపు తగ్గిపోయింది.

ఆమె వంగి చూసింది. దిండు వెనకున్న చోట చిన్న కిటికీలాంటి జాలీ కనిపించింది. చెయ్యి పెడితే గాలిని లోపలికి పీలుస్తోంది. దొరికిందనుకుని పైన ఏసీ రంధ్రాల దగ్గర చెయ్యి పెట్టింది. ఎప్పటిలాగే ఏమీ రావడం లేదు. మళ్లీ మొదటికొచ్చింది. దిక్కుతోచక స్పానర్ బాబాయికి ఫోన్ చేసి, కింది జాలీ ఇందాకటి దాకా మూసుకుపోయి ఉందని చెప్పింది.

"ఏసీ మీట ఆపెయ్. ఫ్యాను తిరగనీ," అన్నాడాయన. "బండి కింద చూస్తూ ఉండు."

కాసేపటికి బండి కింద నీళ్లు కారడం మొదలైంది. చూస్తుండగానే మడుగు కట్టింది. తర్వాత రంధ్రాల్లోంచి గాలి మెల్లగా వచ్చి, కాసేపటికి జోరందుకుంది.

"ఆ జాలీలోంచే గాలి లోపలికెళ్లాలి," అన్నాడాయన. "అది మూస్తే లోపలి చల్లగొట్టాల మీద మంచు పేరుకుని దారి మూసేస్తుంది. నా దగ్గరికి తెచ్చేసరికి కరిగిపోతుంది, ఇక నాకేం దొరుకుతుంది? ఇంతకీ దేంతో మూశారు?"

"తర్వాత చెబుతా బాబాయ్."

ఇప్పుడు అసలు చిక్కొచ్చింది. దిండు పట్టుకుని నిలబడింది. తప్పు మీ దిండుదే అని ఎలా అనాలి? నింద తిప్పికొట్టినట్టుంటుంది. అనకపోతే ఆవిడ సూదులు తెచ్చేసుకుంటుంది.

"అత్తయ్యా, ఒక్కసారి ఎక్కండి. దిండు ఎప్పట్లాగే పెట్టుకోండి."

"ఎందుకు?"

"నాకు చెప్పడం రావట్లేదు. మీరే వినండి."

అత్తగారు అనుమానంగా చూస్తూనే ఎక్కి, దిండు నెట్టి పాదాలు ఆనించింది. ఫ్యాను గొంతు మారింది. తీసింది. అరుపు తగ్గింది. మళ్లీ పెట్టింది. మళ్లీ తీసింది. ఈసారి కోడలి వంక చూస్తూ పెట్టింది, ఆమె ఎక్కడైనా ఏదైనా నొక్కుతుందేమోనని. కోడలు రెండు చేతులూ పైకెత్తి నిలబడింది.

"దించు," అంది అత్తగారు. "ఎవరైనా చూస్తే బంకు దోచుకుంటున్నామనుకుంటారు."

బండి కదిలింది. ఆవిడ దిండు ఒళ్లో పెట్టుకుని, కాళ్లు వేలాడేసుకుని కూర్చుంది. బజారు దాకా చల్లగా ఉంది. మలుపు దగ్గర నెమ్మదిగా, "వాడికి చెప్పకు. నెలంతా నవ్వుతాడు," అంది.

"మరి ఏం చెప్పమంటారు?"

"నాకేం తెలుసు."

కొట్టు ముందు భర్త ఎదురొచ్చాడు. వాళ్లిద్దరి పొడి మొహాలు చూసి ఆగిపోయాడు.

"ఆగలేదా?"

"మధ్యలో ఆగింది. మళ్లీ వచ్చింది."

"అమ్మ ఉండగానే?"

"ఆఁ."

"ఎందుకొచ్చింది?"

కోడలు భార్యగా నిజం చెప్పాలో, కోడలిగా ఊరుకోవాలో తేల్చుకోలేక తలుపు వేయబోయింది. అది పడలేదు. అతను బండి చుట్టూ ఒకసారి తిరిగి, వంగి కింద చూసి, మళ్లీ ఆమెను చూశాడు.

లోపల అత్తగారు అప్పటికే పరుపు ముందు చతికిలపడి సూదిలో దారం ఎక్కిస్తోంది.

"అమ్మాయ్, అక్కడేం చేస్తున్నావ్?" అని కేకేసింది. "వచ్చి ఈ మూల పట్టుకో. నిన్న నువ్వు కుట్టిందంతా వంకరే."