నైరుతి గదిలో ఫియట్

కారు కొనడానికి వచ్చిన అంబదాస్ ముందుగా ఇంటి చుట్టూ తిరిగాడు. వేములవాడ రోడ్డు వైపున్న గోడ దగ్గర ఆగి అరచేత్తో తట్టి చూశాడు.

"తాయీ, గీ బండి లోపల్కి ఎట్ల పోయింది?"

"షట్టర్లకెల్లి," అంది వనజ.

"మరి షట్టరేది?"

వనజ అత్తగారి వైపు చూసింది. శంకరవ్వ కొంగుతో మూతి తుడుచుకుని, "మూసినం," అంది, గిన్నె మీద మూత పెట్టినంత తేలిగ్గా.

అంబదాస్‌ది ఆదిలాబాద్. పాత కార్లు కొని, బాగుచేసి మహారాష్ట్ర వైపు అమ్ముకుంటాడు. పశువుల కొట్టాల్లోంచి, గడ్డివాముల కిందినుంచి బండ్లు లాగినవాడే. లోపల కారు పెట్టి గోడ కట్టిన ఇల్లు మాత్రం అతనికి ఇదే మొదటిది.

ఆ ఫియట్ వనజ బావ, శంకరవ్వ పెద్ద కొడుకు పరశురాములుది. తుక్కు కింద పోతుంటే అడ్డంపడి తెచ్చుకున్నాడు. రోడ్డు వైపు గదికి షట్టర్ పెట్టించి దాన్నే షెడ్డు చేసుకున్నాడు. పెళ్లీ పెటాకులూ లేని మనిషి, ఆదివారం వస్తే కారు కిందినుంచి కాళ్లు మాత్రమే కనపడేవి. తుప్పు గీకి ఒక పక్క రంగు వేశాడు. ఇంజను దింపి బల్ల మీద పరిచాడు. అంతలోనే గుండె ఆగి పోయాడు.

దినాలు కాకముందే వాస్తు చూసే ఆయన వచ్చి, "నైరుతిల తొవ్వ పెట్టుకున్నరు. ఇంటి మగోళ్ల మీదికి మీరే తెచ్చుకున్నరు. ఇంకొక్కడున్నడు గద, పైలం," అన్నాడు. ఆ ఇంకొక్కడు వనజ మొగుడు రంజిత్. మర్నాడే ఇటుకలు దిగాయి. లోపల కారుందని అందరికీ తెలుసు. ఏడుస్తున్న తల్లి ముందు ఆ మాట ఎత్తడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు. ఇప్పుడు ఆ గదికి వంటింట్లోంచి సన్నటి తలుపొక్కటే మిగిలింది. బియ్యం బస్తా పట్టించాలన్నా పక్కకు తిప్పాల్సిందే.

వనజకు కావలసింది కారు మీద వచ్చే డబ్బు కాదు, ఆ గది. కుట్టు మిషను పడకగదిలో మంచానికి ఆనుకుని ఉంది. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు ముందు శంకరవ్వ దగ్గర కూర్చుని ఏ ఊరు, ఎవరి బిడ్డ, పిల్లలెందరు, లేకపోతే ఎందుకు లేరు అనే పరీక్ష పాసవ్వాలి. రెండోసారి వచ్చేవాళ్లు తక్కువ. రోడ్డు మీదికి ఒక గుమ్మం, పైన ఒక బోర్డు, వచ్చినవాళ్లు నేరుగా తన దగ్గరికే రావడం, ఇదే ఆమె కోరిక. రంజిత్‌తో చెప్తే, "గీ వాస్తు గీస్తు నేను నమ్ముతనా? అవ్వను ఒప్పిచ్చుకో, షట్టర్ నేనే పెట్టిస్త," అని నవ్వేవాడు.

"గోడ పగులగొట్టద్దంటే ఇంకో ఉపాయముంది," అన్నాడు అంబదాస్. "గ్యాస్ కట్టర్‌తోని కోసి తీసుకపోత."

"నా కొడుకు చేసిన బండిని కోస్తవా? నిన్ను కోస్త," అంది శంకరవ్వ.

"అరె బాబా! గోడ కొట్టద్దు, బండి కొయ్యద్దు. మరి మంత్రమెయ్యాల్నా?"

శంకరవ్వ లోపలికి పోయింది. కాసేపటికి చేటతో తిరిగి వచ్చింది. చేటలో బియ్యం ఉన్నాయిగానీ ఏరడం లేదు.

"రంజిత్ ఊర్లె లేనప్పుడు కొట్టుండ్రి. గోదారి దాటి బాసరల ఉండమను. బండి ఎల్లంగనే గోడ మళ్ల లేవాలె. అప్పటిదాక వాడు గడప తొక్కద్దు."

వనజ తలూపింది. లోపల వేరే లెక్క వేసుకుంది. ఒకసారి గోడ పడనీ, మొగుడు వచ్చి చూడనీ, నమ్మని మనిషి మళ్లీ ఎందుకు కట్టనిస్తాడు?

అనుకున్న రోజు రంజిత్ పొద్దున్నే బాసర పోయాడు. మొండయ్య మేస్త్రి గోడకు గెడ్డపార వేశాడు. దుమ్ము కాస్త అణగగానే గదిలోకి ఎండ వచ్చి పడింది. ఇన్నాళ్లూ లైటు వేస్తేగానీ కనపడని కారుకు ఒక పక్క నీలం రంగు ఉందని మళ్లీ తెలిసింది. నలుగురు పట్టి నెడితే ఫియట్ మూలుగుతూ రోడ్డెక్కింది. అంబదాస్ దాన్నీ, బల్ల మీది ఇంజను సామాన్లనూ ట్రాలీ మీదికి ఎక్కించి, కొబ్బరికాయ కొట్టి వెళ్లిపోయాడు.

ఖాళీ గది మధ్యలో నిలబడి వనజ ఫోన్ చేసింది.

"బండి ఎల్లింది. గదిల ఎంత ఎలుతురో ఏం చెప్పాలె! మేస్త్రిని ఆపిన. నువ్వొచ్చి అవ్వతోని మాట్లాడు, షట్టర్ పెడదాం."

అవతల గుడి మైకు వినపడుతోంది.

"గోడ పెట్టలేదా ఇంక?" అన్నాడు రంజిత్.

"లేదంటున్న గద. నువ్వు నమ్మనంటివి."

"నమ్ముడు కాదు వనజా... అన్న గూడ నమ్మలే గద."

వనజ కూలిన గోడ వైపు తిరిగింది.

"గోడ పెట్టినంక ఫోన్ చెయ్. గప్పుడు బయలెల్లుత," అని పెట్టేశాడు.

శంకరవ్వ ఇటుకల కుప్ప మీద కూర్చుని కోడలి మొఖమే చూస్తోంది.

"ఏమన్నడే?"

"పెట్టమన్నడు."

గెలిచానన్న సంబరమేమీ ముసలామె మొఖంలో లేదు. "వానికీ భయమే బిడ్డా. మీ బావ పోయిన కాడికెల్లి నిద్రల ఉలికిపడ్తడు. నీకు చెప్పకపోవచ్చు," అంది.

మొండయ్య సిమెంటు కలుపుతున్నాడు. వనజ అతని తాపీకి అడ్డంగా నిలబడింది.

"అత్తమ్మా, దర్వాజ వద్దు. ఒక్క కిటికీ పెట్టనియ్యి. కిటికీలకెల్లి మనిషి నడుస్తడా?"

శంకరవ్వ రెండు చేతులతో కొలత చూపింది. "చిన్నది. ఊచలు దగ్గర దగ్గర పెట్టు మొండయ్యా."

"గింత దాన్ని కిటికీ అంటరా శంకరక్కా? కోళ్లగూడు అంటరు."

"నువ్వు మూసుకొని పెట్టు."

వారం తిరక్కుండా మిషను ఆ గదిలోకి చేరింది. మొదటి మనిషి జాకెట్ గుడ్డ ఊచల్లోంచి అందించి అటూ ఇటూ చూసింది.

"కొలతలియ్యాలె గద చెల్లె. లోపల్కి తొవ్వెటు?"

"గిటు తొవ్వ లేదక్కా. ఇంట్లకెల్లి వస్తే మా అత్తమ్మ సాయంత్రందాక ఇడ్వది. నువ్వే జర దగ్గరికి జరుగు. ఆ... గిట్ల మళ్లి నిలబడు."

వనజ కిటికీకి ఛాతీ ఆనించి చేతులు రెండూ బయటికి చాపింది. టేపు ఆ వచ్చినామె వీపు చుట్టూ తిప్పి పట్టుకుంది. మోచేతుల దాకా రోడ్డు మీద ఎండ తగిలింది.