సింబల్ మోత ఆగేదాకా

నా శుభ్రత తగలబడ! పాటలో ఎవరి దగ్గు వినపడినా ఆ రోజు నాకు అన్నం సహించదు.

వుకాషిన్ డ్రమ్స్ వాయించేవాడు, నేను రికార్డు చేసేవాణ్ణి. స్టూడియో అంటే ఏముంది, వాళ్లింటి సరుకుల గది. గోడలకు పాత పరుపులు ఆనించాం. డ్రమ్ము మీదో, ఇత్తడి పళ్లెంలా వేలాడే సింబల్ మీదో దెబ్బ పడగానే అరల్లో వాడి పెళ్లాం స్లాజానా పెట్టిన మిరపకాయ పచ్చడి సీసాలు గలగలమనేవి. అందుకని ముందుగా ముప్పై సీసాలూ వరండాలోకి మోయాలి. నాలుగు మైకులు, నా ముసలి కంప్యూటరు, అందులో ఉచితంగా దొరికే ఆర్డోర్ అనే రికార్డింగు ప్రోగ్రాం. అంతే మా వైభవం.

చేతులు ఆగితే వాడికి నోరు లేచేది. "స్లాజా, కాఫీ ఏదే! మీ కూమ్ నన్ను ఎండబెట్టి చంపుతున్నాడు!" అని గోడ అవతలున్న పెళ్లానికి వినపడేలా అరిచేవాడు. వాళ్ల పెళ్లికి సాక్షిని నేనే, అందుకే ఆ ఇంట్లో నేను కూమ్‌ని.

"నోరు ముయ్యరా! సింబల్ మోత పూర్తిగా ఆగేదాకా కిక్కురుమనకు," అనేవాణ్ణి.

"చిత్తం, దొరగారూ!"

ఆ ఒక్క మాట మాత్రం పాటించేవాడు. మోత ఆగాక ఎంత వాగినా నేను కత్తిరించేసి, పాట వరకే కొత్త ఫైలుగా దాచేవాణ్ణి. ఆగస్టులో డిస్కు నిండిపోయింది. వాడుకలో లేని పాత రికార్డింగులు తీసేయనా అని ఆర్డోర్ అడిగింది. తీసేయమన్నాను. చెత్తబుట్ట కూడా నా చేత్తో నేనే ఖాళీ చేశాను.

పది రోజులకు వుకాషిన్ చేపలకని తీసా నది మీదికి వెళ్లాడు. పడవ తిరగబడింది. ఫోనూ వాడితోపాటే పోయింది.

నలభయ్యో రోజున సమాధి దగ్గర ఉడికించిన గోధుమలు పంచి వచ్చాక, స్లాజానా నన్ను కంప్యూటరుతో సహా సరుకుల గదిలో కూర్చోబెట్టింది. సీసాలన్నీ అప్పటికే వరండాలో ఉన్నాయి. ఒక్కతే మోసినట్టుంది.

"కూమ్, ఆయన గొంతు వినిపించు. డ్రమ్స్ వద్దు బాబూ, ఇరవై ఏళ్లు చెవుల్లో దూది పెట్టుకుని విన్నాను. మాటలు కావాలి. ఇక్కడ తెగ వాగేవాడుగా!"

"లేవు, స్లాజా. చెరిపేశాను."

"అన్నీనా?"

"అన్నీ."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "ఏదో ఒకటి ఉంటుందిలే, వెతుకు," అంది.

ఒక్కో పాట చివరా వెతికాను. ఒకచోట మాత్రం నేను కాస్త ఆలస్యంగా కత్తిరించాను. సింబల్ మోగి మోగి సన్నబడి ఆగింది. స్టూలు కిర్రుమంది. వాడు మాట్లాడబోతూ ఊపిరి పీల్చాడు. అక్కడితో అయిపోయింది.

స్లాజానా నా చెయ్యి పట్టుకుంది. "తర్వాత ఏమన్నాడు?"

"తెలీదు. నేను వినిపించుకోలేదు."

"మరి మోగినంతసేపూ ఎందుకు మాట్లాడలేదు?"

"నేనే వద్దన్నాను."

"నా మాట ఒక్కనాడూ విన్న పాపాన పోలేదు. నీ మాట విన్నాడు చూడు," అని కళ్లు తుడుచుకుంది. "మళ్లీ పెట్టు."

పెట్టాను. సింబల్ మోగుతుంటే ఆమె స్పీకరుకు నోరు ఆనించి, "మాట్లాడు, ఎవరూ ఏమీ అనరు. మాట్లాడవయ్యా," అంది.