ఏడో ప్రశ్న

బస్సు డ్రైవరు తన కుడికాలి బొటనవేలు నల్లబడ్డ సంగతి నెల రోజులు మేజోడులో దాచుకున్నాడు. ఇంట్లో కుంటుతుంటే భార్య నిలదీసింది. మేజోడు విప్పించి చూసి, వెంటనే ఆడపడుచుకు ఫోను చేసింది.

ఆడపడుచు ఆసుపత్రి వెనక ఉన్న పరిశోధనాలయంలో టెక్నీషియను. పరిశోధన చేసే పెద్దవాళ్లు వేరే ఉన్నారు. కణాలకు మేత వెయ్యడం, పళ్లాలు సర్దడం, లెక్కపెట్టడం ఆమె పని. అన్న మాత్రం ఊళ్లో అందరి ముందూ "మా సైంటిస్టమ్మ" అనేవాడు.

అక్కడ పదకొండేళ్లుగా ఒకే హార్మోను మీద పని జరుగుతోంది. ఒంట్లో ఎక్కడైనా నెత్తురు అందకపోతే అక్కడి కణాలు తయారుచేసుకునే పెప్టైడు, అంటే చిన్న ప్రొటీను ముక్క, అది. పళ్లెంలో జిగురు మీద రక్తనాళాల కణాలు పరిచి అది ఒక్క చుక్క వేస్తే, పొద్దుటికల్లా విడివిడి కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని సన్నటి గొట్టాలుగా సాగేవి. ఈ సంగతి ఒకసారి భోజనాల దగ్గర ఆమే గొప్పగా చెప్పింది. అన్న మరిచిపోలేదు.

కాలి నాళాలన్నీ పూడుకుపోయాయని, బైపాస్‌కు కూడా వీల్లేదని సర్జను చెప్పాడు. మోకాలి కింద తీసెయ్యాలన్నాడు.

"మీ చుక్క ఉందిగా, అది వెయ్యి," అన్నాడు అన్న.

"అది ఎలుకలకి వేసేది అన్నయ్యా."

"ఇరవై రెండేళ్లు బస్సు నడిపినవాణ్ణి. నేనేమన్నా ఎలుక కన్నా ఎక్కువా?"

వదిన నవ్వలేదు. చెల్లెలు నవ్వబోయి ఆగిపోయింది. ఆ హార్మోనును మొదటిసారి మనుషుల మీద పరీక్షించడానికి పక్క భవనంలో అప్పటికే పేర్లు రాసుకుంటున్నారు.

మర్నాడు ఫారం తెచ్చింది. అన్నా చెల్లెలూ ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని నింపారు. ఏడో ప్రశ్న దగ్గర ఆమె పెన్ను ఆగింది. గతంలో క్యాన్సర్ గడ్డ ఏదైనా వచ్చిందా? మూడేళ్ల కిందట అన్నకు గడ్డ వచ్చి ఒక మూత్రపిండం తీసేశారు.

"లేదని రాయి," అన్నాడు.

"కడుపు మీద కుట్లు కనబడవూ?"

"వాళ్లు చూసేది కాలు. అయినా తీసేశారుగా? లేనిదాన్ని లేదంటే అబద్ధం ఎలా అవుతుంది?"

ఆ ప్రశ్న ఎందుకు పెట్టారో ఆమెకు తెలుసు. ఒకసారి వేరెవరిదో క్యాన్సర్ గడ్డలోంచి తీసిన ఆవగింజంత ముద్దను పళ్లెం నడుమ పెట్టి, అదే చుక్క వేసింది తనే. నాలుగు వైపుల నుంచీ గొట్టాలు దానికేసి పాకాయి. ఏది కాలో, ఏది గడ్డో ఆ హార్మోనుకు పట్టదు; నెత్తురు అందితే గడ్డా పెరుగుతుంది. అన్న ఒంట్లో ఇంకెక్కడైనా ఒక్క గింజ మిగిలి ఉంటే? అంత చిన్నది ఏ స్కానులోనూ కనబడదు.

'అవును' దగ్గర టిక్కు పెట్టింది. అన్న మొహం పక్కకు తిప్పుకున్నాడు.

అయినా మనసొప్పక ఆ ఫారం పట్టుకుని, ఆ పరీక్ష నడిపే డాక్టరమ్మ గదికి వెళ్లింది. ఏదైనా దారి ఉందేమో చూడమని బతిమాలింది.

"ఆ ప్రయోగం చేసింది మీరే కదమ్మా," అంది డాక్టరమ్మ మెల్లగా. "ఇక మీకు నేనేం చెప్పను?"

శుక్రవారం కాలు తీశారు. కణాలకు మేత వేళ తప్పకూడదు గనక ఆమె ఆ పొద్దు పనిలోనే ఉంది. మూడుసార్లు లెక్క తప్పి, నాలుగోసారి మొదలుపెట్టింది.

ఏడాదిన్నరకు ఆ హార్మోను పరీక్ష ఫలితాలు వచ్చాయి. నలభై ఒక్కమందిలో పంతొమ్మిదిమందికి కాలు నిలిచింది. ఆ వారమే అన్న ఒంటికి చేసిన స్కానులో గడ్డ జాడ లేదని తేలింది. ఆ కాగితం చదివి చెప్పడానికి ఆమె వాళ్లింటికి వెళ్లింది.

"అంటే అప్పుడూ ఏం లేదేమో," అన్నాడు అన్న.

"లేదేమో."

"అది వేసుంటే కాలు నిలిచేదా?"

"నిలిచేదేమో. ఇవాళ ఈ కాగితం ఇలా ఉండేది కాదేమో. నాకు తెలీదన్నయ్యా."

అతను కాలు ముందుకు చాపాడు. వదిన కింద కూర్చుని పెట్టుడు కాలి పట్టీలు బిగిస్తోంది. ఒక పట్టీ పట్టుకుందామని చెల్లెలు వంగింది.

"వద్దులే," అంది వదిన, కోపమేమీ లేకుండా. "నాకు అలవాటైపోయింది."