ఎడమచేతి బీడీలు

పక్కింటి సాయవ్వ తలుపు పొద్దున ఏడింటికే మూసుకునేది. ఆ తలుపును చూసి నేనెంత కుళ్ళుకున్నానో దేవుడికే తెలుసు. ఆదివారం చర్చిలో ఆయనకు చెప్పుకున్నాను కూడా, అయినా తగ్గలేదు.

ఎడపల్లిలో మా వాడ ఆడవాళ్ళంతా ఇంట్లోనే బీడీలు చుట్టేవాళ్ళం. కార్ఖానా నుంచి ఆకు, తంబాకు తెచ్చుకోవడం, చాట ఒళ్ళో పెట్టుకుని చుట్టడం, సాయంత్రం అప్పజెప్పి రావడం. ఇంట్లో కూర్చుని చేసే పనే కదా అంటారు తెలియనివాళ్ళు. ఇంట్లో ఉంటే పొయ్యి పిలుస్తుంది, పిల్లలు పిలుస్తారు, మంచాన పడ్డ అత్త పిలుస్తుంది. రోజుకు వెయ్యి చుట్టాలి. నాకు ఆరువందలకే మెడ పట్టేసేది. నిద్రలో కూడా నా వేళ్ళు ఆడేవట.

తొంభై ఆరు వేసవిలో, బీడీలు ఏరి చూసే కాశయ్య మా నెత్తిన బండ వేశాడు. "మీ వాడల ఒక కార్డు తీసేస్తరంట. నెలాఖరు వారం ఎవలియి తక్కువొస్తే గా కార్డే పోతది."

అందరికంటే తక్కువ నావే. కార్డు పోతే పని పోయినట్టే. మా ఆయన పేతురుకు చక్కెర ఫ్యాక్టరీలో సీజన్ అయిపోయి రెండు నెలలైంది. సాయవ్వ మాత్రం నాలుగింటికల్లా వెయ్యి పట్టుకుని, తలదువ్వుకుని, పూలు పెట్టుకుని వచ్చేది. దానికీ రెండు చేతులే, నాకూ రెండు చేతులే. మంచి ఆకు దానికే ఇస్తున్నారేమోనని చూశాను. నాకిచ్చిన ఆకే.

ఒకరోజు వరుసలో నిలబడి దాని కట్ట ఒకటి చేతిలోకి తీసుకున్నాను. సగం బీడీలకు దారం ఒకవైపు తిరిగి ఉంది, సగం బీడీలకు రెండోవైపు. మా వాడలో ఎడమచేతి వాటం ఒక్కడికే, దాని మొగుడు భోజన్నకు. పొద్దున్నే ఆ తలుపు మూసుకునేది ఇందుకన్నమాట. దానికి దొరికింది మంచి ఆకు కాదు, మంచి మొగుడు!

"ఏందే సాయవ్వా, గీ దారం రెండు తీర్ల తిరిగింది? గీ ఎడమచెయ్యి ఎవలిదే? భోజన్నకు సుత ఓ కార్డు ఇయ్యుమందామా?"

కార్ఖానా అంతా నవ్వింది. సాయవ్వ నా చేతిలోంచి కట్ట లాక్కుంది. 'ఎడమచేతి బీడీల భోజన్న' అని అక్కడికక్కడే పేరు కూడా పెట్టాను. రెండు రోజుల్లో అది చాయ్ హోటల్ దాకా పోయింది.

మూడోరోజు నుంచి సాయవ్వ తలుపు తెరిచే ఉంది. భోజన్న పొద్దున్నే ఎటో పోయేవాడు. సాయవ్వ ఒక్కతే చుట్టేది. ఐదువందలు, ఒకరోజు నాలుగొందల ఎనభై. నెలాఖరుకు దాని కార్డే పోయింది. నాకు సంతోషమే అయింది, అబద్ధమెందుకు.

దాని ఆకు కూడా కాశయ్య నా సంచిలోనే పోశాడు. "ఇగ నీయి రోజుకు పన్నెండు వందలు, రూతమ్మా. కాదంటే ఇప్పుడే చెప్పు."

తల ఊపి సంచి ఎత్తుకున్నాను. మర్నాడు పొద్దున నేనే తలుపు మూశాను. మంచం మీద ఊరికే కూర్చున్న పేతురు ముందుకు చాట జరిపాను.

"నేను చుడుత, నువ్వు జర దారం కట్టు. ఎవలు సూడరు."

పేతురు చాటను మళ్ళీ నా వైపు నెట్టాడు.

"సీజన్ అయిపోయినప్పటి సంది నేనే అడుగుదామనుకుంటున్న, నీ పక్కన కూసుంటనని. సిగ్గయి ఆగిన. గంతల నువ్వు భోజన్నకు గా పేరు వెట్టినవ్. హోటల్ కాడ అందరితోని నేను సుత నవ్విన. ఇప్పుడు నాకేం పేరు వెడ్తరే, రూతీ?"

లేచి, తలుపు తీసి బయటికి పోయాడు. నేను చాట ఒళ్ళోకి లాక్కున్నాను.