కానుక సంచికి చిక్కని గోలీలు

అశ్వారావుపేటలో పామాయిల్ తోటలు కొత్తగా లేస్తున్న రోజులు. ట్రాక్టర్ డ్రైవర్ సంసోను భార్య సువార్త మంచం దిగకుండా, తిండి సహించకుండా, ఊరికే గుండె దడదడలాడుతూ వానాకాలమంతా గడిపింది. దయ్యమన్నారు, దిష్టన్నారు, పనికి ఒళ్ళు వంగదని కూడా అన్నారు. నోళ్ళకేం, ఎన్నయినా అంటాయి! చివరికి సంసోను ఆమెను ఖమ్మం తీసుకుపోయాడు.

అక్కడి డాక్టరమ్మ విసుక్కోకుండా చెప్పింది. "మెదడుల ఒక నరం నుంచి ఇంకో నరానికి కబురు మోసే రసాయనాలుంటై తల్లీ. ఈ మనసు కుంగే జబ్బుల వాటి తీరు మారుతది. అదొక్కటే కారణమని నేననను గని, ఈ గోలీలు సాయం చేస్తై. గుణం తెలియాలంటే కొన్ని వారాలు పడతది. నన్నడగకుండ మాత్రం బంద్ చెయ్యకు."

ఆ కొన్ని వారాలే కొంప ముంచాయి. గోలీల గుణం తెలిసే వేళకు చర్చిలో ఉపవాస కూటాలు మొదలయ్యాయి. సువార్త లేచి పొయ్యి వెలిగించింది, పిల్లకు జడ వేసింది. ఇంకేముంది, పేరంతా కూటాలకు పోయింది! అత్త రూతమ్మ సంబరం పట్టలేక గోలీలు దాచేసింది. కొద్ది రోజులకే సువార్త బావి గట్టు మీద కూర్చుని లోపలికి చూస్తుంటే సంసోను రెక్క పట్టి లాక్కొచ్చాడు. మళ్ళీ ఖమ్మం, మళ్ళీ గోలీలు, మళ్ళీ ఎదురుచూపు.

ఇప్పుడిప్పుడే తేరుకుంటోంది. స్వస్థత పొందినవాళ్ళు తమ మందులు కానుక సంచిలో వేసి సాక్ష్యం చెప్పడం ఆ చర్చి ఆనవాయితీ. ఆ ఆదివారం సువార్త వంతని రూతమ్మ పాస్టరుకు ముందే మాటిచ్చేసింది.

"లే బిడ్డా, అయ్యగారు పిలుస్తుండు," అంటూ ఆరాధన మధ్యలో, ఇంటినుంచి పట్టుకొచ్చిన గోలీల పొట్లం కోడలి చేతిలో పెట్టింది. "గిది సంచిల ఎయ్యి. రెండిట్ల నమ్మకం పెడితే దేవుడు చిన్నబోడా?"

సువార్తకు ఒళ్ళు మండింది. వేస్తే మళ్ళీ ఆ బావి గట్టే. విసవిసా ముందుకు నడిచి, పొట్లం విప్పి, ఆ పూట గోలీ నోట్లో వేసుకుని, పాస్టరు ముందున్న గ్లాసు నీళ్ళు గటగటా తాగేసింది.

"ఓరి దేవుడా!" అని నోరు నొక్కుకుంది రూతమ్మ.

"ఆ దేవుడే ఇచ్చిండనుకో అత్తమ్మా! నీ షుగర్ గోలీలు నువ్వు సంచిల ఎప్పుడేసినవ్? నా మెదడు నా ఒంట్లది కాదా? ప్రార్థన చేస్త, గోలీ మింగుత. రెండూ ఇడువ. నా పిల్లకు నేను కావాలె. ఇదే నా సాక్ష్యం, అయ్యగారూ."

సాక్ష్యం ముగిస్తే అందరూ ఆమెన్ అనాలి. ఎవరూ అనలేదు. పాస్టరు ఖాళీ గ్లాసు వంక చూస్తూ నిలబడిపోయాడు. సువార్త అందరి మొహాలూ ఒకసారి చూసింది.

"ఆమెన్," అని తనే గట్టిగా అనేసి, వచ్చి కూర్చుంది.