కాళ్ళకు కట్టిన ఇల్లు

కప్పు లేని ఇంట్లో, నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించుకొని కూర్చొని, అంబదాస్ లేని మగ్గాన్ని తొక్కుతున్నాడు. కుడి కాలు, ఎడమ కాలు. చేతులు ఊరుకోలేక, పేక నూలు తీసుకుపోయే నాడెను గాలిలోనే అటు విసిరి ఇటు పట్టుకుంటున్నాయి.

"మడమ ఏడ తగుల్తలేదు. మంచిగ కుదిరింది," అన్నాడు.

"ఇంటికి కప్పు లేదు గని, కాళ్ళకు మాత్రం ఇల్లు కట్టిండు," అంది భార్య కమలవ్వ, గడప దగ్గర రాట్నం మీద నూలు కండెలు చుడుతూ.

అంబదాస్‌కు అరవై దాటాయి. మనిషి ఎంత సన్నమంటే, మానేరు వాగు ఇసుకలో నడిచినా అడుగు పడదని పేటలో చెప్పుకునేవాళ్ళు. ముఖం, చేతులు చింతమొద్దు నలుపు. మోకాళ్ళ కింద మాత్రం ముల్లంగి తెలుపు. నలభై ఏళ్ళుగా ఎండ చూడని కాళ్ళు. అవి వేరే ఎవరివో అని, ఏదో పెళ్ళిలో చెప్పులతోపాటు మారిపోయాయని పక్కింటి పర్శరాములు ప్రమాణం చేసి చెబుతాడు.

ఇప్పటికి ఏడు అద్దె ఇళ్ళు మారాడు. ఏ ఇంట్లో దిగినా ముందు మగ్గం గుంట, తరువాతే పొయ్యి. ఖాళీ చేయమన్నప్పుడల్లా గుంట పూడ్చి, అలికి, అప్పజెప్పి వచ్చేవాడు. ఒక ఇంటివాడు ఆ పూడ్చిన చోట బర్రెను కట్టేస్తే, అది రోజంతా ఒక కాలు తరువాత ఒక కాలు తొక్కుతూనే ఉండేదట. ఏడో ఇంటివాడు నెలాఖరు దాకా గడువిచ్చాడు. మగ్గం విప్పి అక్కడే అరుగు మీద పడి ఉంది.

సర్కారు నేతపనివాళ్ళకు ఇళ్ళు ఇస్తోంది. నేత సంఘంలో పేరున్నవాళ్ళకు ఊరి బయట జాగా, గోడలకు సాయం. ఓవర్సియర్ చూసి సరే అంటే కప్పుకు పెంకులు. అంబదాస్ పేరు జాబితాకెక్కడానికి నాలుగేళ్ళు పట్టింది. ఓవర్సియర్ వచ్చేది ఇవాళే.

పది గంటలకు వచ్చాడు. కోస్తా మనిషి. గోడలు కొలిచి బాగున్నాయన్నాడు. లోపలికి అడుగుపెట్టి ఆగిపోయాడు.

"ఏమిటయ్యా ఇది? నుయ్యి తవ్వుతున్నావా?"

"మగ్గం గుంత సార్."

"ప్లానులో లేదే! గోడకి మూరెడు దూరం కూడా లేదు. వానకి గోడ జారితే దాంతో నా ఉద్యోగం కూడా జారుతుంది."

"మాకు ఇల్లంటే గిదే సార్. గోడలు తర్వాత."

ఓవర్సియర్ చెడ్డవాడు కాదు. గడియారం చూసుకున్నాడు. "నాకు నాలుగు గంటలకు బస్సు. ఈలోగా నేల చదునైతే సంతకం పెడతాను. లేదంటే దీపావళి దాటాకే వస్తాను. అప్పటికి నీ పెంకులు ఎవరికి పోతాయో నేను చెప్పలేను."

అతడు అటు వెళ్ళగానే పర్శరాములు గోడ మీంచి తొంగిచూశాడు. "అందరం పెంకులు పడ్డంక తవ్వుకుందమని ఆగితిమి. నీకేం తొందరొచ్చిందే అన్నా?"

"గుంత లేని ఇంట్ల ఎట్ల అడుగు పెడ్తర్రా?"

"ఇయ్యాల పూడ్చు. మల్ల తవ్వుకుందువు తియ్."

వైశాఖపు ఎండ. తవ్వి పోసిన మన్ను గుంటకు చాల్లేదు. కమలవ్వ వాగు ఒడ్డు నుంచి గంపలతో మోసింది. పర్శరాములు నేల గట్టిపరిచే దిమ్మిస తెచ్చి తానే కొడతానన్నాడు.

"నా గుంత. నేనే," అని అంబదాస్ లాక్కున్నాడు. దిమ్మిస లేచినప్పుడల్లా దాంతోపాటు తానూ లేచేవాడు. ఏ దెబ్బకు మనిషి పైనే ఉండిపోయి దిమ్మిస ఒక్కటే కిందకు వస్తుందో అని పర్శరాములు నవ్వాడు. అంబదాస్ నవ్వలేదు.

నాలుగు కొట్టేముందు ఓవర్సియర్ వచ్చి మడమతో నేలను నొక్కి చూశాడు. "శభాష్. పెంకులొస్తాయి," అని సంతకం పెట్టి బస్సుకు పరుగెత్తాడు.

"ఆయెనా? పానం సల్లవడ్డదా?" అంది కమలవ్వ.

"ఆయె. పెంకులు రానీ, గీడనే మల్ల తవ్వుత. జర నడుం వాలుస్త." పూడ్చిన చోటే, తడి నేల మీద పడుకున్నాడు.

ఆమె నీళ్ళకు పోయి వచ్చింది. రెండుసార్లు పిలిచింది. నిద్రలో కూడా మగ్గం తొక్కే మనిషి కాళ్ళు కదలడం లేదు. బిందె దించకుండానే కమలవ్వ చాలాసేపు వాటిని చూస్తూ నిలబడింది.

పదమూడో రోజున పెంకుల బండి వచ్చింది. వెంట సంఘం గుమాస్తా.

"పేరు నేసేటోనిది అవ్వా. ఆయన లేడు. నువ్వు నేస్తవా?"

"కండెలు చుడ్త బిడ్డా. నలభై ఏండ్ల సంది."

"కండెలు చుట్టుడు నేసుడు కింద రాదు. కాయితంల అట్లనే ఉన్నది, నేనేం జెయ్యాలె?"

జాబితాలో తరువాతి పేరు పర్శరాములుది. బండి అతని గుమ్మం వైపు మళ్ళింది. పెంకులు దించుకుంటున్నంతసేపూ అతడు తలెత్తలేదు. చీకటి పడకముందే కమలవ్వ తన రాట్నం చంకన పెట్టుకొని, ఎటు పోతున్నదీ ఎవరికీ చెప్పకుండా పోయింది.

బండి మళ్ళేటప్పుడు జారిన పెంకు ఒకటి అంబదాస్ గడప ముందు పడి ఉంది. పగలలేదు. దాని మీద, మట్టి పచ్చిగా ఉన్నప్పుడు నడిచిపోయిన ఏదో కుక్క అడుగు, నాలుగు వేళ్ళతో సహా, బట్టీలో కాలి గట్టిపడి ఉంది.