పోలిక కోసం ఒక మనిషి

సూర్యప్రభ గుడ్లు పగలగొట్టి తెల్లసొన ఒక గిన్నెలోకీ, పచ్చసొన ఇంకో గిన్నెలోకీ వంచుతోంది. తెల్లసొన భర్త కళాధర్‌కి. పచ్చసొన పారెయ్యడానికి చెయ్యి రాదు కాబట్టి ఆమెకి. మాంద్యం దెబ్బకి ప్లాంటులో వారానికి మూడు రోజుల పనే మిగిలాక, ఇంట్లో కూర్చుని ఉద్యోగం గురించి భయపడే బదులు అతనూ ఇద్దరు స్నేహితులూ ఒక పని పెట్టుకున్నారు. ఏ డైటు బరువు తగ్గిస్తుందో, ఏది గుండెకి మంచిదో తేల్చాలట. రవిశంకర్ అన్నం మానేసి మాంసం, చీజు పట్టుకున్నాడు. ఇంకొకాయన ఉప్పు తగ్గించి పళ్ళూ కూరలూ తింటున్నాడు. కళాధర్ వాటాకి ఆలివ్ నూనె, చేపలు, పప్పులు వచ్చాయి. అవి కొనేది, కడిగేది, వండేది ఎవరన్నది వాళ్ళ లెక్కలోకి రాలేదు. అతనికి చేప వేయించి, నాలుగేళ్ళ తన్వికి బతిమాలి పాస్తా తినిపించేసరికి సూర్యప్రభకి ఆకలి చచ్చిపోయేది. పిల్ల వదిలేసిందీ, అతనికి పనికిరాక అలమరలో మిగిలిపోయిన నెయ్యీ బిస్కెట్లూ నిలబడే తినేసేది.

ఒకరోజు కళాధర్, ఆమెని కూడా రక్తపరీక్ష చేయించుకోమన్నాడు. తన్వి పుట్టాక ఆమె ఒంటి గురించి అతను మాట్లాడటం అదే మొదలు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని తనెప్పుడూ చెప్పలేదు, ఎలా కనిపెట్టాడబ్బా అనుకుంది. బ్లాంచర్డ్స్‌టౌన్ వానలో జీపీ డాక్టరు దగ్గరికి నడుస్తుంటే అతను గొడుగు ఆమెవైపే వంచాడు. సూది దిగుతున్నా ఆమె ముఖంలో నవ్వు చెదరలేదు.

ఆదివారం ముగ్గురు స్నేహితులూ ఫలితాలతో భోజనానికి చేరారు. ముగ్గురికీ మూడు రకాలు వండి, వడ్డిస్తూ నిలబడింది.

"మనందరికీ తగ్గింది గురూ. కానీ ఏ డైటూ చెయ్యని మనిషిది పక్కన పెట్టకపోతే తెలిసేదేముంది?" అన్నాడు రవిశంకర్.

"అందుకేగా మా ఆవిడ చేత చేయించింది" అని కళాధర్ ఇంకో కాగితం తీశాడు.

ఆమె చెడ్డ కొలెస్ట్రాల్ ముగ్గురికన్నా ఎక్కువ. ముగ్గురూ నవ్వారు. చెల్లెమ్మ పుణ్యమా అని మన డైట్లన్నీ గెలిచాయని రవిశంకర్ మెచ్చుకున్నాడు కూడా. కాగితం చేతులు మారింది కానీ ఆమె చేతికి రాలేదు.

తన అమ్మ పొయ్యి దగ్గరే పోయింది. గుండెల్లో నొప్పంటే అందరూ గ్యాసన్నారు. అప్పుడు తనది ఇంటర్ రెండో ఏడు. ఇల్లు మీద పడింది, పరీక్షలు పోయాయి, ఆ వెనకే పెళ్ళి. అమ్మ నెత్తురు ఎవరూ చూడలేదు. తనది చూశారు, చూసి నవ్వారు. ఏది ఎక్కువ బాధో తేల్చుకోలేకపోయింది. అన్నిటికన్నా, ఆ గొడుగు కింద తను పడ్డ సంతోషం తల్చుకుంటేనే సిగ్గేసింది.

వాళ్ళు వెళ్ళాక కళాధర్ హుషారుగా చెప్పాడు, ఇంకో మూడు నెలలు రెండో రౌండు పెడుతున్నామని.

"నువ్వు మాత్రం ఏం మార్చకు ప్రభా. ఇలాగే తిను, ఇలాగే ఉండు. లేకపోతే పోలిక చెడిపోతుంది."

సూర్యప్రభ బల్ల మీది కాగితం తీసుకుని కుర్చీలో కూర్చుంది. రేపు జీపీ దగ్గరికి ఒక్కతే వెళ్తానని, తన్వికి వంట అతనే చెయ్యాలని చెప్పింది. ఇప్పుడేం మునిగిపోయిందన్నట్టు చూశాడతను.

"మా అమ్మ ఏమీ మార్చలేదండీ" అంది.